నేమ్‌ప్లేటు మీది బొట్టు

పోయిన నెల మా అక్క సునీత ఇస్నాపూర్ ఇల్లు ఖాళీ చేసి ఇంద్రేశంలో కొన్న ఫ్లాటుకు మారింది. అటక మీది సామాను దించడానికి నన్ను పిలిచింది. ఆ పొద్దున అక్కడ ఉన్నవాళ్లు ముగ్గురం: అక్క, నేను, ట్రాలీ ఆటో నడిపే అతను. బాపు, అంటే మా నాన్న, లేడు. జోగిపేట దగ్గరి మా ఊళ్లో ఎవరిదో బోరు మోటారు కాలిందని పిలిస్తే ముందురోజే వెళ్లాడు. అటక మీద ఉన్నవి: ఇత్తడి బిందెలు రెండు, అమ్మ జొన్నలు చెరిగిన చాట ఒకటి, బాపు మోటార్లకు కాయిల్ చుట్టిన చెక్క అచ్చులు ఐదు, చుట్టి దారం కట్టిన డ్రాయింగ్ షీట్లు, ఒక పాత స్టెబిలైజర్, గోనె సంచిలో ఒక సీపీయూ డబ్బా. సంచి విప్పి డబ్బా పక్క రేకు తీస్తే లోపల దుమ్ము తప్ప పెద్దగా ఏమీ లేదు. మదర్‌బోర్డు, డిస్కు ఎప్పుడో తీసేశాం. మిగిలింది వెనక మూలన నాలుగు మరలతో బిగించిన ఎస్‌ఎంపీఎస్. గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటును కంప్యూటరుకు కావలసిన చిన్న వోల్టేజీలుగా మార్చే ఇనుప పెట్టె అది. దాని పక్కన అంటించిన లేబుల్ అంచుల్లో ఇంకా ఎర్రగా ఉంది. అక్క గోటితో గీకి, "ఇంక పోలే చూడు" అని నవ్వింది. ఆటో అతనికి అర్థం కాలేదు. మేమూ చెప్పలేదు.

చెప్పాలంటే బాపు దగ్గర మొదలుపెట్టాలి. ఆయన చదువు పదో తరగతి. పని నేర్చుకున్నది జోగిపేటలో, కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే దుకాణంలో. ఊళ్లలో మోటార్లు కాలేది ఎక్కువగా ఒకే కారణంతో. కరెంటు వస్తుంది కానీ వోల్టేజీ ఉండదు. మోటారు తిరగలేక మూలిగి, ఎక్కువ కరెంటు లాగి, లోపల తీగ మాడిపోతుంది. పదేళ్లు అవే మోటార్లు విప్పినందువల్ల, ఏ యంత్రం ఆగినా ముందు వోల్టేజీని అనుమానించడం ఆయనకు అలవాటైంది. తర్వాత పటాన్‌చెరు పక్క ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. ఇంటికి వచ్చేసరికి ఆయన చొక్కా నుంచి ఎండిన వార్నిష్ వాసన వచ్చేది. చలికాలం పొద్దున మా వాకిట్లోకి వచ్చే కంపెనీల పొగ వాసనతో అది కలిసేది. అమ్మ రొట్టెలు తట్టే చప్పుడు, ఆ రెండు వాసనలు కలిస్తే మాకు ఆరున్నర అయినట్టు లెక్క. మేం గడియారం చూసేవాళ్లం కాదు.

ఇస్నాపూర్‌లోని మా ఇంట్లో ముందు రెండు గదులు మావి, వెనక వరసగా నాలుగు గదులు కిరాయికి. కిరాయికి ఉండేవాళ్లు కంపెనీల్లో పనిచేసే ఒడిశా, బీహార్ మనుషులు. మీటర్ బోర్డు పక్క గోడ మీద బాపు పెన్సిల్‌తో ఇంటి లోడు మొత్తం రాసి పెట్టేవాడు. ఫ్యాను డెబ్బై ఐదు వాట్లు, టీవీ నూరు, ఇస్త్రీ పెట్టె ఏడు వందల యాభై, గది ఒక్కింటికి ఫ్యాను ఒకటి, బల్బు ఒకటి. కొత్త వస్తువు ఏది వచ్చినా, వాట్లూ వోల్టులూ రాసి ఉండే దాని నేమ్‌ప్లేటు చదివి, ఆ అంకె గోడ మీద రాసి, కూడి, తర్వాతే ప్లగ్గులో పెట్టనిచ్చేవాడు. నేమ్‌ప్లేటు మీద ఉన్నది ఆయనకు చట్టం. నాకు జాబితాలు రాసే అలవాటు అక్కడి నుంచే వచ్చింది.

దసరా నాడు కంపెనీలో ప్యానెళ్లన్నీ బంద్ పెట్టి, తలుపులు తెరిచి, బ్లోయర్‌తో దుమ్ము ఊది, ప్రతి మోటారుకూ ప్రతి స్టార్టరుకూ గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టేవాళ్లు. మోటారు ఒళ్లంతా గీతలు గీతలుగా ఉంటుంది. బొట్టు నిలిచే చదునైన జాగా ఒక్క నేమ్‌ప్లేటే. అందుకని బొట్టు దాని మీదే పడేది. ఇంటికొచ్చి ఆయన మా కంప్యూటరుకూ అట్లనే చేసేవాడు. మానిటరుకు పెడితే చాలదా అని అమ్మ అడిగేది. కరెంటు ఎక్కడి నుంచి లోపలికి వస్తుందో అక్కడ పెట్టాలని బాపు లెక్క. పక్క రేకు విప్పి, చీపురు పుల్లకు గుడ్డ చుట్టి దుమ్ము దులిపి, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద గంధం రాసి మూడు వేళ్లతో కుంకుమ అద్దేవాడు. పాతది తుడవకుండా దాని మీదనే కొత్తది. అట్లా ఆరు దసరాలు గడిచాయి.

ఆ కంప్యూటరు అక్కది. ఆమె ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, పాశమైలారంలో మందుల కంపెనీలకు స్టీలు రియాక్టర్లు తయారుచేసే షెడ్డులో డ్రాయింగులు గీసేది. రియాక్టరంటే మనిషికి రెండింతల ఎత్తున్న మూత పాత్ర అనుకుంటే చాలు. పైనా కిందా పైపులు కలిపే మూతులు ఉంటాయి, వాటిని నాజిళ్లంటారు. నాలుగేళ్లుగా అక్క గీసేవి కాగితం మీద చదునుగా కనిపించే బొమ్మలు. ఒకసారి ఆర్డరు ఇచ్చిన పార్టీ, ఇకపై కంప్యూటర్‌లో తిప్పి చూడగలిగే త్రీడీ మోడల్ ఉంటేనే పని ఇస్తామంది. షెడ్డు నడిపే కామేశ్వరరావు గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో డ్రాయింగ్ చెకర్‌గా రిటైరైన మనిషి. ఆయన హైదరాబాదు నుంచి త్రీడీ వచ్చిన ఒకతన్ని తెస్తానన్నాడు. డ్రాయింగ్ టేబుల్ ఒకటే. అతను వస్తే అక్కకు పని ఉండదు. అది ఆయన దాచలేదు, అక్క మొహం మీదే చెప్పాడు. ఆమె ఒక అవకాశం అడిగింది. షెడ్డులో ఎక్కువగా చేసే రియాక్టర్ ఒకదాని పాత డ్రాయింగు తీసుకుని, ఇంట్లో మోడల్ చేసి తెస్తానంది. సోమవారం పది గంటలకు తన ముందు తిప్పి చూపించాలని, మధ్యలో ఆగకూడదని ఆయన షరతు పెట్టాడు. చేతిలో ఉన్నవి పదకొండు రోజులు.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఆరు రోజులు పట్టింది. రియాక్టర్ ఒళ్లు వరకు మా పాత మెషీన్ ఎట్లాగో లాగింది. నాజిళ్లు పెట్టడం మొదలయ్యాక ఒకసారి తిప్పితే బొమ్మ కదలడానికి చాయ తాగి వచ్చేంత సేపు పట్టేది. తెర మీద బొమ్మలను వేగంగా గీసే గ్రాఫిక్స్ కార్డు కావాలని చెప్పింది నేను. అప్పుడు నేను డిప్లొమా ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం, మా ఇంట్లో కంప్యూటరు సంగతి అడిగితే చెప్పేది నేనొక్కడినే. పటాన్‌చెరులో ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణంలో, మూతపడ్డ గేమింగ్ సెంటర్ నుంచి వచ్చిన కార్డు దొరికింది. రెండు ఫ్యాన్లు, ఇటుకంత పొడవు. దానికి బోర్డు నుంచి వచ్చే కరెంటు చాలదు, ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా ఆరు పిన్నుల వైరు ఒకటి కావాలి. మా పాత ఎస్‌ఎంపీఎస్‌కు అలాంటి వైరే లేదు. దుకాణమతను నాలుగు పిన్నుల వైర్లు రెండు కలిపి ఆరు పిన్నులుగా మార్చే చిన్న ముక్క ఇచ్చాడు. ఆ వైరు లేకపోవడమే ఒక హెచ్చరిక అని ఇప్పుడు నాకు తెలుసు. ఎస్‌ఎంపీఎస్ చేసినవాడు అలాంటి కార్డును లెక్కలోకి తీసుకోలేదని దాని అర్థం. అప్పుడు మాత్రం ముక్క దొరికిందని సంతోషించాను.

గురువారం సాయంత్రం బాపు, నేను డబ్బా విప్పి కూర్చున్నాం. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద పై వరసలో పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. దాని కింద అంతా ఎర్రటి పెచ్చు. నేను నోటుబుక్కులో రాశాను: కార్డు నూట యాభై, ప్రాసెసర్ తొంభై ఐదు, డిస్కు, ఫ్యాన్లు, మిగతావి కలిపి యాభై. మొత్తం రెండు వందల తొంభై ఐదు. మిగులు నూట యాభై ఐదు. బాపు రెండోసారి కూడి చూసి, "ఇంకో కార్డు గూడ పట్టేటట్టుంది గద" అన్నాడు. వెళ్లి గోడ మీది జాబితాలో కంప్యూటర్ ఎదురుగా ఉన్న పాత అంకె కొట్టేసి 450 అని రాశాడు. మా ఇద్దరి లెక్కలోనూ కూడికలు తప్పలేదు. కూడిన అంకెలే తప్పు జాగా నుంచి తెచ్చినవి.

శుక్రవారం మెషీన్ రెండుసార్లు ఉన్నట్టుండి ఆరిపోయింది. మొదటిసారి కరెంటు పోయిందనుకున్నాం. ఫ్యాను తిరుగుతూనే ఉంది. శనివారం ఐదుసార్లు ఆరింది. ప్రతిసారీ ఒకే తీరు. కూర్చుని కొలతలు వేస్తున్నంతసేపు బాగానే ఉంటుంది, మోడల్‌ను పట్టి తిప్పిన నాలుగైదు సెకన్లకు ఠప్పున తెర నల్లబడుతుంది. మూడోసారి ఆరినప్పుడు అక్క సేవ్ చేసుకోని గంటన్నర పని పోయింది. ఆమె లేచి వెళ్లి చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంది. పద్నాలుగు నాజిళ్లలో అప్పటికి పెట్టినవి ఆరు.

బాపు ఎప్పటిలాగే వోల్టేజీని పట్టుకున్నాడు. మెయిన్ దగ్గర కొలిస్తే రెండు వందల ఇరవై చూపించింది. మధ్యాహ్నం రెండు వందల ఐదుకు దిగింది. వెనక మూడో గదిలో ఉండే సంతోష్ పెయింట్ కంపెనీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, ఆ వేళకే కాయిల్ హీటర్ మీద అన్నం వండుకునేవాడు. ఇరవై నాలుగేళ్ల ఒడిశా కుర్రాడు, ఎవరితోనూ మాటపడేవాడు కాదు. బాపు నేరుగా అతని గదికి వెళ్లాడు. గోడ మీది జాబితాలో హీటర్ లేదని, అడగకుండా పెట్టుకున్నావని, దానివల్ల లోపల నా బిడ్డ నౌకరీ పోయేటట్టుందని వాకిట్లో నలుగురూ వినేటట్టు అన్నాడు. సంతోష్ ప్లగ్గు పీకి, వైరు హీటర్‌కు చుట్టి, దాన్ని మంచం కింద పెట్టాడు. గిన్నెలో బియ్యం సగం ఉడికి ఉన్నాయి. ఆ రోజు అతను మరమరాలు తిని పడుకున్నాడని అమ్మ తర్వాత చెప్పింది. హీటర్ తీసిన ఇరవై నిమిషాలకు మెషీన్ మళ్లీ ఆరిపోయింది. బాపు ఊరి నుంచి తెచ్చిన స్టెబిలైజర్ మధ్యలో పెట్టాడు. దాని ముల్లు రెండు వందల ముప్పై మీద కదలకుండా నిలబడింది. మెషీన్ దాని ముందే మళ్లీ ఆరింది.

ఆదివారం పొద్దున ఆయన కంపెనీ సంచి నుంచి టాంగ్ టెస్టర్ తీశాడు. వైరు తెంపకుండా, దాని చుట్టూ పటకారులా పట్టించి ఎంత కరెంటు పోతుందో చూసే మీటర్ అది. ముందు గోడ వైపు వైరుకు పట్టించాడు. అక్క మోడల్ తిప్పింది. ముల్లు లేని మీటరు కాబట్టి అంకె చదివాడు: ఒకటి పాయింట్ ఏడు ఆంపియర్లు. ఇస్త్రీ పెట్టె అంతకు రెట్టింపు తీసుకుంటుంది. ఇంత చిన్న లోడుకు ఏదీ ఆరిపోదని ఆయన గట్టిగా అన్నాడు. తర్వాత పటకారు డబ్బా లోపలికి పెట్టి, కార్డుకు వెళ్లే పసుపు వైర్లకు పట్టించాడు. అక్క మళ్లీ తిప్పింది. మీటరు సున్నా చూపించింది.

"దీంట్ల కరెంటే పోతలేదు బిడ్డా," అన్నాడు బాపు. "కార్డే దొంగది. దుకాణపోడు ముంచిండు."

"ఫ్యాన్లు తిరుగుతున్నయి గదా బాపు. కరెంటు లేకుంటే ఎట్ల తిరుగుతయి?" అంది అక్క.

ఆయన మీటరు ఆపి, ఆన్ చేసి, మళ్లీ పట్టించాడు. మళ్లీ సున్నా. ఇరవై ఏళ్లలో ఆ మీటరు ఆయనకు అబద్ధం చెప్పలేదు. నేను ఆ సున్నా వంక చూస్తూ ఉండగా ల్యాబులో మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది. మా బాపు దగ్గరున్న రకం టాంగ్ టెస్టర్‌కు కనబడేది గోడలోంచి వచ్చే ఏసీ కరెంటు ఒక్కటే. ఎస్‌ఎంపీఎస్ దాటాక ఉండేది డీసీ, బ్యాటరీలో ఉండేలాంటిది. అందులో ఎన్ని ఆంపియర్లు పోతున్నా ఆ పటకారుకు సున్నాయే. బాపు జీవితమంతా గడిపింది ఏసీ మోటార్ల మధ్య. ఆయన చేతిలోని మీటరుకు, ఆ డబ్బా లోపల జరిగేది కనిపించదు. నేను ఆ మాట చెబితే ఆయన కాసేపు మీటరును అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో పెట్టేశాడు.

నా మల్టీమీటర్ చిన్నది, ల్యాబు కోసం కొన్నది. దానికి డీసీ వోల్టేజీ తెలుస్తుంది. దాని రెండు మొనలనూ ఎక్కడా తగిలించని ఒక వైరు కొనలో, ఒకటి పసుపులో, ఒకటి నలుపులో గుచ్చాను. ఉత్తగా ఉన్నప్పుడు పన్నెండు వోల్టులు. అక్కను తిప్పమన్నాను. పదకొండు పాయింట్ ఆరు, పదకొండు మూడు, పదకొండు ఒకటి. నల్లబడింది.

బాపు ముందుకు వంగి చూశాడు. వివరించే అవసరం రాలేదు. ఎన్నో ఊళ్లలో, ఎన్నో పొలాల్లో ఆయన చూసిన సంగతే అది, పన్నెండు వోల్టుల సైజులో.

"లో ఓల్టేజీనే," అన్నాడు నెమ్మదిగా. "నేను బయట లెంకిన. ఇది లోపల ఉన్నది."

లేబుల్ అప్పుడు గుర్తొచ్చింది. కొబ్బరినూనెలో గుడ్డ ముంచి పావుగంట రుద్దాను. కుంకుమ కరిగి, గంధం పెచ్చులుగా లేచింది. కింద చిన్న అక్షరాల్లో ఒక పట్టిక బయటపడింది. ఎస్‌ఎంపీఎస్ ఒకే కరెంటు ఇవ్వదు. మూడు వోల్టుల చిల్లర ఒక లైను, ఐదు వోల్టులది ఒకటి, పన్నెండు వోల్టులది ఒకటి. ఒక్కో లైను ఎన్ని ఆంపియర్లు మోయగలదో విడివిడిగా రాసి ఉంది. పెద్ద అక్షరాల 450 వాటన్నిటినీ కలిపి, కొంచెం పొగడ్త కూడా కలిపి వేసిన అంకె. గ్రాఫిక్స్ కార్డు దాదాపు అంతా పన్నెండు వోల్టుల లైను నుంచే తాగుతుంది. ప్రాసెసరూ అక్కడే. ఆ గడిలో ఉన్నది పదహారు ఆంపియర్లు. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు వాట్లు. కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపే రెండు వందల నలభై ఐదు కావాలి. మూడు వోల్టుల లైనులో ఎంత మిగిలినా అది ఈ లైనుకు పనికిరాదు. నేను నూట యాభై ఐదు మిగులు అని రాసుకున్న చోట నిజానికి యాభై మూడు తక్కువ. అదీ పెట్టె కొత్తదైతే. ఆరేళ్లు వాడినదానికి ఇంకా తక్కువే అనుకోవాలి.

బాపు ఆ గడిని వేలితో తడిమాడు. ఎర్రటి నూనె ఆయన వేలికి అంటింది. "పెట్టిన బొట్టే కండ్లకు అడ్డమైంది," అని ఒక్క మాట అన్నాడు. ఆ ఏటి దసరా నుంచి ఆయన ఇంట్లో ఏ యంత్రానికైనా బొట్టు నేమ్‌ప్లేటుకు జానెడు పైన పెట్టడం మొదలుపెట్టాడు. కంపెనీలోనూ అట్లనే చేశాడని, పాత ఫోర్‌మన్ ఒకాయన ఇదేం కొత్త పద్ధతని తగాదా పెట్టుకున్నాడని విన్నాను.

సరైన పని కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టడం. దుకాణమతనికి ఫోన్ చేస్తే బంధువుల పెళ్లికి పోయానని, సోమవారం మధ్యాహ్నం వస్తానని అన్నాడు. మాకున్న గడువు సోమవారం పది. మిగిలింది ఒక్కటే దారి, మోయగలిగినంతకు లోడు తగ్గించడం. కార్డుతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో అది ఎంత కరెంటు తీసుకోవచ్చో, ఎంత వేగంగా నడవాలో తగ్గించే మీటలున్నాయి. ప్రాసెసర్‌ను కూడా పూర్తి వేగానికి పోకుండా కట్టడి చేయొచ్చు. ఆ పనికి ముగ్గురం కూర్చున్నాం. అక్క మౌసుతో తిప్పుతుంది, నేను మీట దించుతాను, బాపు మల్టీమీటర్ పట్టుకుని కంపెనీలో రీడింగులు చెప్పినట్టు చెబుతాడు.

"పదకొండు నాలుగు. తగ్గియ్యి."

దించాను.

"పదకొండు ఆరు. తిప్పు బిడ్డా, ఆపకు. పదకొండు ఆరు. ఇంక జెర తగ్గియ్యి."

"ఇంక తగ్గిస్తే బొమ్మ అంటుకుంట తిరుగుతది బాపు," అన్నాను.

"అంటుకోనీ తమ్మీ," అంది అక్క తెర మీది నుంచి కళ్లు తీయకుండా. "ఆరిపోకుంటే సాలు."

పదకొండు ఎనిమిది దగ్గర నిలబడింది. పది నిమిషాలు తిప్పుతూనే ఉన్నాం. దిగలేదు. నా అంచనాలో కార్డు నూట యాభైకి బదులు వంద, ప్రాసెసర్ తొంభై ఐదుకు బదులు అరవై తీసుకుంటూ ఉండాలి. అక్క పాత పద్ధతికి అలవాటు పడిన మనిషి కాబట్టి ఇంకో చిట్కా తనే చేసింది. పని చేస్తున్న నాజిల్ ఒక్కటే కనిపించేటట్టు పెట్టుకుని, మిగతా ఒళ్లంతా దాచేసింది. ఐదు నిమిషాలకోసారి సేవ్ కొట్టమని బాపు గుర్తుచేస్తూ పక్కనే కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు పద్నాలుగు నాజిళ్లూ, పాత్ర నిలబడే కాళ్లూ, కాళ్ల మధ్య బిగింపు పట్టీలూ పూర్తయ్యాయి.

మధ్యలో ఒకసారి బాపు లేచి అమ్మతో కంచంలో అన్నం, పప్పు, రెండు రొట్టెలు పెట్టించుకుని వెనక మూడో గదికి వెళ్లాడు. నేను స్టెబిలైజర్ తిరిగి పెట్టడానికి అటే పోతూ విన్నాను. "గల్తీ మేరీ థీ బేటా," అన్నాడు. "హీటర్ లగాలే." తప్పు తనదేనని, హీటర్ పెట్టుకోమని. సంతోష్ కంచం తీసుకున్నాడు కానీ హీటర్ ఆ రోజు బయటికి తీయలేదు. మూడు రోజుల తర్వాత తీశాడు. బాపు గోడ మీది జాబితాలో మూడో గది ఎదురుగా వెయ్యి అని రాసి, మొత్తం మార్చాడు.

ఇప్పుడు నేను ఒక మందుల కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని. కంప్యూటర్ భాగాల పెట్టెల మీద ఇప్పుడు ఈ వివరాలు మునుపటికన్నా నిజాయితీగా ఉంటాయి. ఏ కార్డుకు ఎంత ఎస్‌ఎంపీఎస్ కావాలో కార్డు చేసినవాళ్లే చెబుతారు. అయినా పాత మెషీన్‌కు కొత్త కార్డు పెడతానని ఎవరడిగినా నేను మూడు ప్రశ్నలే వేస్తాను. పన్నెండు వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయి, కార్డుకు కావలసిన పిన్నులు మధ్యలో ముక్క పెట్టకుండా ఉన్నాయా, పెట్టెకు ఎన్నేళ్లు. చాలామంది మొదటిదానికి మొత్తం వాట్లు చెబుతారు. వాళ్ల మీద నాకు కోపం రాదు. ఆ రోజుల్లో ఇంట్లో ఒక యంత్రం కొత్తగా వస్తే నలుగురూ దాని చుట్టూ చేరి, మూత విప్పి, అంకెలు గట్టిగా చదివేవాళ్లం. తప్పు చదివినా అందరం కలిసే చదివేవాళ్లం. ఇప్పుడు అక్క ఆఫీసులో మెషీన్లు గాజు తలుపుల డబ్బాల్లో వస్తాయి, ఎవరూ విప్పరు. ఆరిపోతే కంపెనీ మనిషి వచ్చి మార్చి పోతాడు. ఆరిపోవడం మాత్రం చాలా తక్కువ. ఆ రెండింట్లో ఏది మేలో అడిగితే రెండోదే మేలని నిజాయితీగా చెప్పాలి.

ఆ సోమవారం పొద్దున షెడ్డులోని కంప్యూటర్ మీద ఆ మోడల్ తెరుచుకోదని అక్కకు తెలుసు. అందుకని మా డబ్బానే తీసుకెళ్లాం. బాపు సగం రోజు సెలవు పెట్టి స్కూటర్ నడిపాడు, అక్క వెనక కూర్చుని దుప్పటి చుట్టిన డబ్బాను ఒళ్లో పట్టుకుంది. మానిటర్ పట్టుకుని నేను షేర్ ఆటోలో వెళ్లాను. షెడ్డులో రెండు వెల్డింగ్ మెషీన్లు నడుస్తున్నాయి, వాటితో పాటే ట్యూబులైట్లు మినుకుమినుకుమంటున్నాయి. కామేశ్వరరావు గారు మర్యాదకు, కాసేపు వెల్డింగ్ ఆపించమంటారా అని బాపును అడిగాడు.

"అక్కర లేదు సార్," అన్నాడు బాపు. "మాకు బయటి కరెంటుతోని పరేషాన్ లేదు."

అక్క మోడల్ తెరిచింది. అది అంటుకుంటూ, నెమ్మదిగా, ఆగకుండా తిరిగింది. కామేశ్వరరావు గారు కుర్చీ ముందుకు లాక్కుని పాత డ్రాయింగు తొడ మీద పరుచుకున్నాడు. ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో నాజిల్‌కు టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ఆ డ్రాయింగు ఆయన సొంతంగా గీసింది, మూలన ఆయన సంతకం ఉంది. పన్నెండు టిక్కుల తర్వాత కింది నుంచి చూపించమన్నాడు. అక్క మోడల్‌ను వెల్లకిలా తిప్పింది. బాపు కళ్లు తెర మీద లేవు, డబ్బా ఫ్యాను మీద ఉన్నాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కింద, పాత్రలోంచి సరుకు బయటికి వచ్చే నాజిల్ అంచు, కాళ్లను కలిపే పట్టీలోకి వేలెడంత చొచ్చుకుపోయి ఉంది. ఇనుములోంచి ఇనుము. ఆయన అక్క వైపు తిరిగాడు.

"ఇది తప్పు పెట్టావమ్మా."

"లేదు సార్," అంది అక్క. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "మీరు ఇచ్చిన కొలతలే. నేను మూడుసార్లు చూసిన. కాయిదం మీద ఒకటి ముందు బొమ్మల ఉన్నది, ఒకటి పక్క బొమ్మల ఉన్నది. రెండు కలిపి సూస్తే గిట్ల తగులుతున్నది. మార్చకుండ అట్లనే పెట్టిన, మీకు చూపియ్యాలని."

ఆయన స్కేలు తీసుకుని డ్రాయింగు మీద రెండు కొలతలు చూశాడు, ఒకదాన్నుంచి ఒకటి తీసేశాడు. మళ్లీ చేశాడు. బయట వెల్డింగ్ చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది. తర్వాత షెడ్డులోని పెద్ద ఫిట్టర్‌ని పిలిపించి, ఈ రకం పాత్ర బిగించేటప్పుడు కింద పట్టీని ఏం చేస్తారని అడిగాడు. ప్రతిసారీ గ్యాసు కట్టింగ్‌తో కొంచెం కోసి సర్దుతామని, డ్రాయింగే అట్లా ఉంటుందనుకున్నామని ఫిట్టర్ చెప్పాడు. కామేశ్వరరావు గారు ఎర్ర పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ తీసి హైదరాబాదు అతనికి, రానక్కర్లేదని మా ముందే చెప్పాడు. ఫోన్ పెట్టేశాక, ఆ డ్రాయింగుతో ఇప్పటిదాకా ఎన్ని పాత్రలు బయటికి పంపామో రిజిస్టర్ చూడమన్నాడు.

ఫిట్టర్ రిజిస్టర్ తెచ్చి వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఇరవై మూడు.